మూడో పిలుపు

రాత్రి రెండు దాటింది. కరెంటు లేదు. మల్కాజ్‌గిరిలో మా గల్లీ చివర, రైలు కట్ట మీద గూడ్సు బండి ఒకటి సిగ్నల్ కోసం నిలబడి ఉండుండి ఇనుప చప్పుడు చేస్తోంది. మా తలుపు మీద ఎవరో వేళ్ళ కణుపులతో కొట్టారు.

"గార్డు సాబ్!"

మగ గొంతు. కాసేపు ఆగి మళ్ళీ, "గార్డు సాబ్!"

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆయన పలికేలోగా నాయనమ్మ చీకట్లోనే చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా. ఇంకోమాటు పిలువనియ్యి."

మూడో పిలుపు రాలేదు.

తలుపు అవతల ఎవరున్నారో ఇప్పుడే చెప్పను. ఈ అధ్యాయంలో మొదటి ప్రయోగం అదే. మీ మెదడులో ఒక మూల ఇప్పుడు ఆ మూడో పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంది. మిగతా పేజీలు చదువుతున్నంతసేపూ దాన్ని అక్కడే ఉండనివ్వండి. భయం కథ మన మీద ఎలా పనిచేస్తుందో చూపించడానికి అంతకంటే మంచి పరికరం నా దగ్గర లేదు.

అవి 1990ల రోజులు. హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న కాలం. కొందరు సుద్దముక్కతో రాశారు, కొందరు బొగ్గుతో రాశారు. రాత్రిపూట ఒక ఆడదయ్యం వీధి వెంట వస్తుందని, మనకు తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికి తలుపు తీస్తే తెల్లారేసరికి మనిషి ఉండడని చెప్పుకునేవాళ్ళు. తలుపు మీద రాత ఉంటే చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు వస్తుంది. మళ్ళీ అదే రాత. కర్ణాటకలోనూ ఇదే కథ తిరిగింది. అక్కడ తలుపుల మీద ‘నాళె బా’ అని రాశారు. అంటే రేపు రా అనే.

మా తలుపుల మీది ఆ నాలుగు మాటలనూ ఒకసారి నిదానంగా చూడండి. దయ్యాన్ని ‘పో’ అనలేదు. ‘రావద్దు’ అనలేదు. ‘రేపు’ అన్నారు. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, భయాన్ని చంపకుండా బతికించి ఉంచే కిటుకు వాళ్ళకు బాగా తెలుసు. వాయిదా పడిన భయం ఏ రాత్రీ తీరిపోదు.

మా గల్లీలో ఈ కథకు ఇంకో బలం ఉండేది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. దాని చుట్టూ, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టూ రైల్వే కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. మల్కాజ్‌గిరి దగ్గర కాజీపేట వైపు లైను ఒక దిక్కు, సఫిల్‌గూడ, బొలారం మీదుగా నిజామాబాద్ పోయే లైను ఇంకో దిక్కు విడిపోతాయి. ఆ రోజుల్లో ఈ రెండోది మీటరు గేజి. బండ్లు నడిపే సిబ్బందికి వేళాపాళా ఉండదు. ఇళ్ళలో ఫోన్లు తక్కువ. డ్రైవరునో గార్డునో అర్ధరాత్రి డ్యూటీకి పిలవాలంటే రైల్వే వాళ్ళు కాల్ బాయ్‌ని పంపేవాళ్ళు. వయసు యాభై అయినా ఆయన కాల్ బాయే. సైకిల్ మీద వచ్చి, తలుపు కొట్టి, పిలిచి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. మిగతా ఊళ్ళలో రాత్రి రెండింటికి తలుపు కొట్టి పిలిస్తే అది కథ. మా గల్లీలో అది ఉద్యోగం.

కాబట్టి ఆ రాత్రి తలుపు అవతల కాల్ బాయ్ ఉండి ఉండవచ్చు. ఉండకపోనూ వచ్చు. సగానికి సగం.

ఈ సగానికి సగం అన్నదాన్ని శాస్త్రజ్ఞులు కొలిచారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఒక బృందం 45 మందిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆట ఆడించింది. తెర మీద రాళ్ళు కనిపిస్తాయి. ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది, నొప్పి పుట్టేంత. ఏ రాయి కింద పాము ఎక్కువగా ఉంటుందో ఆట సాగుతున్నకొద్దీ ఆనవాలు దొరుకుతుంది, అంతలోనే ఆ ఆనవాలు మారిపోతుంది. ఆడేవాళ్ళ చెమటనూ కంటిపాప పెరగడాన్నీ కొలుస్తూ వచ్చారు. 2016లో వెలువడిన ఫలితం ఇది: షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సరిగ్గా యాభై శాతం అన్నప్పుడే మనుషులు ఎక్కువ హడలిపోయారు. దెబ్బ ఖాయమని తెలిస్తే ఒళ్ళు దానికి సిద్ధపడుతుంది. తెలియకపోతే రెండింటికీ సిద్ధపడుతూ నలిగిపోతుంది.

గొప్ప భయం కథలు రాసినవాళ్ళు ఈ లెక్కను ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నారు. నాకు తెలిసినంతలో దాన్ని అందరికంటే శుభ్రంగా వాడిన కథ డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో అచ్చువేసిన ‘ద మంకీస్ పా’. మూడు కోరికలు తీర్చే కోతి పంజా ఒకటి ఒక ముసలి దంపతుల చేతికొస్తుంది. మొదట డబ్బు కోరతారు. డబ్బు వస్తుంది, ఫ్యాక్టరీ యంత్రంలో పడి కొడుకు చనిపోయినందుకు పరిహారంగా. కొన్నాళ్ళకు కడుపుకోత తట్టుకోలేని తల్లి రెండో కోరిక కోరిస్తుంది, కొడుకు తిరిగి రావాలని. ఆ రాత్రి తలుపు చప్పుడవుతుంది.

జేకబ్స్ ఏం చేశాడో గమనించండి. మొదటి చప్పుడు వినపడీ వినపడనంత మెల్లగా ఉంటుంది. వెలుతురు పోయి ఉంటుంది. తల్లి మెట్లు దిగి పరుగెడుతుంది, తలుపు తీయడానికి. తండ్రి చీకట్లో మోకాళ్ళ మీద పాకుతూ పంజా కోసం తడుముతుంటాడు, తలుపు తెరుచుకునేలోగా మూడో కోరిక కోరడానికి. పై గడియ ఆమెకు అందదు. కుర్చీ లాగిన చప్పుడు. ఇక్కడ పాఠకుడి మనసు రెండుగా చీలిపోతుంది. కన్నతల్లితో పాటు తలుపు తీయాలనీ ఉంటుంది, తండ్రితో పాటు దాన్ని మూసి ఉంచాలనీ ఉంటుంది. సగానికి సగం. చివరికి తలుపు తీసేసరికి బయట వీధి దీపం, ఖాళీ దారి. అవతల ఉన్నదాన్ని జేకబ్స్ ఒక్క మాటలో కూడా వర్ణించలేదు. వర్ణించి ఉంటే, ఎంత భయంకరంగా వర్ణించినా, దానికి ఒక ఆకారం వచ్చేది. ఆకారం ఉన్నదాన్ని మెదడు కాసేపట్లో అలవాటు చేసుకుంటుంది.

ఎడ్గార్ ఎలన్ పో 1843లో రాసిన ‘టెల్ టేల్ హార్ట్’లోనూ ఒక తలుపు ఉంది, కాని అక్కడ పాఠకుడు నిలబడేది హంతకుడి వైపు. ముసలాయన నిద్రపోతున్న గది తలుపు సందులోంచి తల లోపలికి పెట్టడానికే హంతకుడికి గంట పడుతుంది. ఆ గంటను పో దాటవేయడు. చిన్న చిన్న వాక్యాలతో, అన్న మాటే మళ్ళీ అంటూ, గడియారం ముల్లు కదిలినట్టు కదిలిస్తాడు. ముసలాయన లేచి కూర్చుని చీకట్లో చెవి ఒగ్గుతాడు. ఇద్దరూ కదలరు. అసలు కథలో ఆ సమయంలో జరిగేది ఏమీ లేదు. ఏమీ జరగకపోవడాన్నే చదివిస్తాడు.

తెలుగులో దీనికి చక్కని మాట ఉంది, ఉత్కంఠ. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ ఎత్తి చూడటం. మాట పుట్టుకలోనే ఒళ్ళు ఉంది. భయం విషయంలో మన భాష మొత్తం ఒంటి భాషే. గుండె గుభిల్లుమంది అంటాం. అడ్రినలిన్ రక్తంలో కలిసినప్పుడు గుండె చేసే పని అదే. కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయంటాం. చర్మం కింది రక్తనాళాలు బిగుసుకుని, రక్తం పెద్ద కండరాలకు మళ్ళుతుంది. నాలుక పిడచగట్టుకుపోయిందంటాం. లాలాజలం తగ్గిపోతుంది. ఒళ్ళు గగుర్పొడిచిందంటాం. ప్రతి వెంట్రుక మొదట్లో ఉన్న చిన్న కండరం దాన్ని నిక్కబొడిచేలా లాగుతుంది. ఒంటి నిండా బొచ్చు ఉన్న పిల్లికైతే దానివల్ల రెట్టింపు కనబడే లాభం ఉంది, మనకు మాత్రం అది పాత కాలపు మిగులు. కొయ్యబారిపోవడం మరీ విచిత్రం. ఆ క్షణంలో గుండె వేగం పెరగదు, తగ్గుతుంది. ప్రాణి కదలకుండా, అలికిడి లేకుండా చెవులు మాత్రం తెరుచుకుని ఉండే స్థితి అది. మా నాయనమ్మ నాన్న చెయ్యి పట్టుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ ఉన్న స్థితి.

భరతుడి నాట్యశాస్త్రం చెప్పే ఎనిమిది సాత్త్విక భావాలను ఈ పక్కన పెట్టి చదివితే నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు పూడుకుపోవడం, వణుకు, రంగు వెలవెలబోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఇవాళ స్వయంచోదిత నాడీవ్యవస్థ గురించి వైద్య విద్యార్థి చదివే పాఠంలో వీటిలో చాలా భాగం ఉంటుంది. మనం కావాలని తెచ్చుకోలేని మార్పులివి. నటుడికి కష్టమైనవీ ఇవే.

ఒళ్ళు ఇంత తొందరపడటానికి కారణం మెదడులో బాదంగింజ ఆకారంలో ఉన్న చిన్న భాగం, అమిగ్డలా. జోసెఫ్ లెడూ అనే నాడీశాస్త్రజ్ఞుడు ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, చప్పుడు అమిగ్డలాకు రెండు దారుల్లో చేరుతుందని చూపించాడు. ఒకటి అడ్డదారి. చెవి నుంచి థాలమస్‌కు, అక్కడి నుంచి సూటిగా అమిగ్డలాకు, 12 మిల్లీ సెకన్లలో. రెండోది చుట్టుదారి, మెదడు పైపొర మీదుగా. దానికి దాదాపు రెట్టింపు సమయం. అడ్డదారిలో వచ్చే కబురు మోటుగా ఉంటుంది, ‘ఏదో చప్పుడు’ అని మాత్రమే. చుట్టుదారిలో వచ్చేది వివరంగా ఉంటుంది, ‘గాలికి కొట్టుకున్న కిటికీ రెక్క’ అని. భయం కథ రాసేవాళ్ళు ఆ రెండో కబురును ఆపి ఉంచుతారు. చప్పుడు వినిపిస్తారు, కిటికీని చూపించరు. సినిమాలో హఠాత్తుగా మీదికి దూకే పిల్లి మొదటి దారిని మాత్రమే వాడుకుంటుంది. అది ఉలికిపాటు, ఉత్కంఠ కాదు. ఆన్ రాడ్‌క్లిఫ్ అనే ఆంగ్ల నవలాకారిణి ఈ తేడాను 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో ఎప్పుడో చెప్పింది. ఆమె లెక్కలో ఎదురుచూపులోని భయం మనసును విప్పుతుంది, కళ్ళెదుటి ఘోరం దాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. నా ఓటు ఆమెకే.

అమిగ్డలా లేకపోతే? అమెరికాలో ఒక మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా అమిగ్డలా పాడైపోయింది. శాస్త్ర పత్రాల్లో ఆమెను ఎస్.ఎం. అని మాత్రమే రాస్తారు. పరిశోధకులు ఆమెను పాములు అమ్మే దుకాణానికి తీసుకెళితే పామును చేత్తో పట్టుకుని చూసింది. దయ్యాల కొంపగా అలంకరించిన కెంటకీలోని పాత క్షయ ఆస్పత్రికి తీసుకెళితే, వేషం కట్టి మీదికొచ్చిన దయ్యాన్ని కుతూహలంతో ముట్టుకోబోయింది. భయపడ్డది ఆ వేషగాడు. భయానక చిత్రాల ముక్కలు చూపిస్తే ఆసక్తిగా చూసిందే గాని భయం లేదు. ఇది 2011లో ప్రచురించారు. అయితే 2013లో ఇంకో సంగతి బయటపడింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిపిన గాలి ఒక్క గుక్క పీల్చగానే ఆమె హడలిపోయింది. ఊపిరాడని భయానికి అమిగ్డలా అక్కర్లేదన్నమాట. బయటి నుంచి వచ్చే ముప్పుకు ఒక దారి, ఒంటి లోపలి ముప్పుకు ఇంకో దారి. పో కథల్లో మనుషుల్ని బతికుండగానే సమాధి చేయడం ఎందుకంత ఊపిరి బిగపట్టిస్తుందో అప్పుడు నాకు అర్థమైంది.

ఇప్పుడు మా ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరానికి వద్దాం. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డు. అక్కడి నుంచి అప్పట్లో వెలువడిన ఆంధ్రభూమి వారపత్రికలో 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ధారావాహికగా వచ్చింది. తులసి అనే చిన్నపిల్ల, ఆమె మీద ప్రయోగించిన కాష్మోరా అనే క్షుద్రశక్తి. ఆ పేరు తెలుగు ఇళ్ళలో పిల్లల్ని భయపెట్టే మాటగా మారిపోయింది. నవలలో ఒక పక్క మంత్రగాళ్ళు ఉంటారు, ఇంకో పక్క వైద్యం, హిప్నాటిజం ఉంటాయి. పిల్ల పడే బాధకు రెండు వివరణలూ పొసుగుతూ పోతాయి. ఏది నిజమో తేల్చుకోలేని ఆ ఊగిసలాటే ఇలాంటి సాహిత్యానికి ప్రాణమని సాహిత్య విమర్శకుడు త్వెతాన్ తొదొరోవ్ 1970లో ఒక పుస్తకమే రాశాడు.

కాని నా దృష్టిలో ‘తులసిదళం’ అసలు బలం వారపత్రికలో ఉంది. వారం వారం సరిగ్గా గడప మీద ఆగిపోయే కథ. పత్రిక చేతికొచ్చాక ఇంట్లో ముందు ఎవరు చదవాలని తగువు, చదివాక ఏడు రోజుల నిరీక్షణ. ఆ ఏడు రోజులూ కథ పాఠకుడి ఇంట్లోనే తిరిగేది, పెరటి చీకట్లో, బావి దగ్గర. ‘తరువాయి వచ్చేవారం’ అన్నా ‘రేపు రా’ అన్నా ఒకటే. పుస్తకంగా ఏకబిగిన చదివినవాళ్ళకు ఆ భయం పూర్తిగా దక్కలేదనే అనుకుంటాను. ఈ నవలను రచయిత్రి రంగనాయకమ్మ గట్టిగా విమర్శించారు, చేతబడి నమ్మకాలకు నీళ్ళు పోస్తోందని. ఆ విమర్శను నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకో కింద చెబుతాను.

దానికి ముందు ఒక ప్రశ్న. ఇంత బాధపెట్టేదాన్ని డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఎందుకు చదువుతాం? డెన్మార్క్‌లో ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక దయ్యాల కొంప వినోదశాలకు వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి చూశారు. 2020లో ప్రచురించిన దాని ప్రకారం, భయం మరీ తక్కువైనా ఆనందం లేదు, మరీ ఎక్కువైనా లేదు. మధ్యలో ఒకచోట ఆనందం పతాకస్థాయిలో ఉంది. కూరలో కారం లాగా.

ఆ మధ్యస్థానం ఎలా దొరుకుతుందన్నదానికి నాకు తృప్తినిచ్చే జవాబు వెయ్యేళ్ళ కిందటిది. కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు భయానక రసానికి ఉదాహరణగా కాళిదాసు శాకుంతలంలోని లేడిని తీసుకున్నాడు. దుష్యంతుడి బాణానికి వెరచి పరుగెడుతూ, మాటిమాటికీ మెడ తిప్పి వెనక్కి చూసే లేడి. చూసేవాడికి ఆ భయం కలుగుతుంది, కాని అది ‘నా’ భయం కాదు, ‘వాడి’ భయమూ కాదు. ఎవరిదీ కాని భయం. కాబట్టే రుచి చూడగలం. నిజమైన భయానికి మనం పారిపోతాం, ఈ భయానికి కుర్చీ ముందుకు జరుపుకుంటాం. పుస్తకం అట్ట, అమ్మ పక్కన పడుకుని వినడం, కథ చెప్పేవాళ్ళ గొంతు, ఇవన్నీ ఆ హామీలే.

ఆ హామీ తెగిపోయిన చోట ఏం జరుగుతుందో తెలంగాణకు తెలుసు. మెదక్ లాంటి జిల్లాల పల్లెల్లో బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చెట్లకు కట్టి కొట్టారు, పళ్ళు పీకారు, చంపారు. బలైనవాళ్ళలో పేదలు, ఒంటరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎందరో. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి, మంత్రగాళ్ళ కిటుకులు చేసి చూపించి, జబ్బులకు కారణాలు చెప్పాల్సి వచ్చింది. లండన్ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. సగానికి సగం అనే స్థితి మనిషి భరించలేనిది. పిల్లకు జ్వరం ఎందుకు తగ్గడం లేదో తెలియదు, గేదె ఎందుకు పడిపోయిందో తెలియదు. ఆ తెలియనితనం కంటే తప్పుడు జవాబైనా మెదడుకు హాయి. ‘ఫలానా ఆమె చేసింది’ అనగానే ఉత్కంఠ తీరిపోతుంది. జేకబ్స్ చివరిదాకా ఖాళీగా ఉంచిన గడప మీద ఊరు ఒక ముఖాన్ని నిలబెడుతుంది. అది ఎప్పుడూ పక్కింటి ముఖమే. మా తలుపుల మీది రాత కూడా ఎవరిని ఉద్దేశించిందో చూడండి. స్త్రీని. భయం కథలను ఇంతగా ప్రేమించే నేను ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను.

ఇక ఆ రాత్రి.

మూడో పిలుపు కోసం ఎంతసేపు ఆగామో తెలియదు. నాకు పదేళ్ళు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను. గూడ్సు బండి కదిలి, దాని చప్పుడు మౌలాలి వైపు పోయి సన్నబడింది. అప్పుడు గడప దగ్గర ఏదో రాపిడి వినిపించింది, ఎవరో గోడకు ఆనుకున్నట్టు. "డ్యూటీ పోతదమ్మా," అన్నాడు నాన్న మెల్లగా. నాయనమ్మ చెయ్యి వదల్లేదు. ఆయన ఆ చేత్తోనే, ఆమెను వెంట తీసుకునే, తలుపు దాకా నడిచాడు. గడియ తీశాడు.

కాల్ బాయ్ గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ వచ్చే మనిషి కాదు, కొత్తవాడు, మీసం ఇంకా సరిగా రాలేదు. చంకలో కాల్ బుక్కు. చేతిలో టార్చి మా తలుపు మీది సుద్ద రాత మీదే వెలుగుతోంది. రెండు పిలుపులయ్యాక అది చదివాడట. తర్వాత గొంతు పెగల్లేదట.

నాయనమ్మ అతన్ని కిందికీ పైకీ చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

అతను నీళ్ళు తాగి, సంతకం పెట్టించుకుని, పుస్తకం మూశాడు గాని సైకిల్ ఎక్కలేదు.

"సాబ్," అన్నాడు, "మీరు తయారయ్యేదాక ఈడనే కూసుంట. ఇద్దరం కలిసి పోదాం."